చెల్లెలి గదిలో వెనిల్లా తీగ

ఆ వీధిలో తాళాలక్క అంటే తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు చెబితే మాత్రం పోస్టుమ్యాన్ కూడా ఎవరావిడ అని ఎదురడుగుతాడు. బస్టాపు పక్కన ఆవిడకో బడ్డీ ఉంది. మనిషి అందులో నిలబడితే మోచేతులు రెండు గోడలకూ తగులుతాయి. తండ్రి కూర్చున్న స్టూలు మీదే కూర్చుని, తండ్రి వాడిన ఆకురాళ్ళతోనే తాళంచెవులు అరగదీస్తుంది. ముక్కు మీద కోపం. అయితేనేం, ఆవిడ బిగించిన గడియ ఊడిందన్న మాట ఇంతవరకు ఎవరూ అనలేదు. అనే ధైర్యం కూడా ఎవరికీ లేదనుకోండి, అది వేరే సంగతి.

మూసిందంటే మూసినట్టే ఉండాలి, ఇది ఆవిడ మతం. తలుపు గాలికి కొట్టుకుంటే ఆవిడ పళ్ళు నూరుకునేది. ఇక రెండో మతం, ఏదీ పారేయకపోవడం. తాళంచెవి అరగదీసినప్పుడు రాలే ఇత్తడి రజను కూడా డబ్బాలోకి ఎత్తిపెట్టేది. పాత స్క్రూలు కిరసనాయిల్లో కడిగి, గుడ్డ మీద ఆరబోసి, మళ్ళీ వాడేది. పని తెలిసిన చేతికి పాతదంటూ ఏదీ ఉండదని, కొత్తది కొనేవాళ్ళంతా చేతకానివాళ్ళని ఆవిడ అభిప్రాయం. ఈ రెండు గుణాలూ బడ్డీలో ఆవిడకు అన్నం పెట్టాయి. ఇంట్లో ఏం చేశాయో చెప్పడానికే ఈ కథంతా.

ఇంట్లో ఉండేది ఇద్దరే, తనూ చెల్లెలూ. తండ్రి తరవాత తల్లి కూడా పోయేనాటికి చెల్లెలికి ఇంకా జడ వేసుకోవడం రాదు. అప్పటినుంచి అక్కే అన్నీ. కంటికి రెప్పలా పెంచింది అంటారే, అలా. ఒక మంచి సంబంధం వచ్చింది అక్కకు. కుర్రవాడు కూడా నచ్చాడు. కానీ పిల్లను వెంట తీసుకురావడానికి వీల్లేదన్నారు వాళ్ళు. సరే, మీ దారిన మీరు వెళ్ళండి అని పంపేసి, ఆ సాయంత్రమే బడ్డీ తెరిచి కూర్చుంది. ఆ మాట మళ్ళీ ఇంట్లో ఎత్తలేదు, ఎవరినీ ఎత్తనివ్వలేదు. చెల్లెలు అప్పటికి అన్నీ తెలిసే వయసులోనే ఉంది.

చెల్లెలు పెద్దయి బిస్కట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి చేరింది. అక్క ఎంత గట్టిగా మాట్లాడుతుందో ఈ పిల్ల అంత మెత్తగా మాట్లాడుతుంది. అవతలివాళ్ళు చెవి ఒగ్గితే తప్ప వినపడదు. ఫ్యాక్టరీలో ఆమె మీద ఉన్న సూపర్వైజరమ్మ రిటైరవుతూ, ఒక మూరెడు తీగ ముక్క కాగితంలో చుట్టి ఇచ్చింది. మనం ఇన్నేళ్ళూ పిండిలో కలిపింది డ్రమ్ముల్లోంచి వచ్చిన వాసనేనమ్మా, అసలు వెనిల్లా ఇదీ, అంది. ఆర్కిడ్ జాతి మొక్క. గోడనో కర్రనో పట్టుకుని పాకుతుంది, మట్టిలో పెడితే చస్తుంది, చెట్టు బెరడు ముక్కల్లో పెట్టాలి, చుట్టూ గాలి తడితడిగా ఉండాలి, చలిగాలి తగలకూడదు. ఇన్ని గారాలు చెప్పి వెళ్ళిపోయింది ఆవిడ.

చెల్లెలు దాన్ని తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి ఊరుకుంది. పట్టించుకున్నది తాళాలక్క. కోసిన చివర నీడలో ఆరనిచ్చింది. కుండీలో బెరడు ముక్కలు నింపి, కింది కణుపులు వాటిలో ఆనించి, నాచు చుట్టిన కర్రకు పాత మేజోడు పీలికలతో కట్టింది. వారాలు గడిచాయి. ఒకరోజు కణుపు దగ్గర తెల్లటి మొన ఒకటి బయటికి వచ్చింది. గాల్లోకి దిగే వేరు, గాలి వేరంటారు. అది రోజురోజుకూ సాగి, తడుముకుంటూ వచ్చి కర్రను పట్టుకుంది. తాళాలక్క పొద్దున్నే లేచి, మొహం కూడా కడుక్కోకుండా దాని దగ్గర నిలబడి చూసేది. ఆవిడ మొహంలో అలాంటి వెలుగు అంతకు ముందు చూసినవాళ్ళు లేరు. కింది వాటాలో ఉండే దర్జీ, ఏమ్మా ఈమధ్య తిట్లు తగ్గాయి, ఒంట్లో బాగాలేదా అని వేళాకోళమాడాడు. నిజంగానే తగ్గాయి.

ఆ మేడమీది వాటాలో ఎండ బాగా వచ్చేది చెల్లెలి గదిలోకే. నా గదిలో పెట్టుకో అక్కా, అని చెల్లెలే అంది. అదిగో, అక్కడ మొదలైంది.

తీగ ఎదిగింది. కర్ర చాలక గోడ పట్టింది. గోడకు చెక్క పలకలు కొట్టి వాటి మీదికి పాకించింది అక్క. ఒక తీగ నాలుగయింది. పొద్దున, సాయంత్రం నీళ్ళు చిమ్మేది. గది మూలల్లో తడి తువాళ్ళు వేలాడదీసేది. చలికాలం రాగానే కిటికీ సందుల్లోంచి గాలి కొడుతోందని చూసుకుంది. ఇక ఆగుతుందా! చుట్టూ రబ్బరు పట్టీ వేసి, రెక్కలకు బ్యాంకు లాకర్ గదికి వేసేటంత గడియ బిగించింది. ఆ గదిలోకి అడుగు పెడితే మొహానికి తడిగుడ్డ కప్పినట్టుండేది. తీగకు మాత్రం హాయిగా ఉంది. ఆకులు జానెడు పొడవున, మందంగా, నిగనిగలాడుతూ, మంచం తలాపు దాకా వచ్చేశాయి.

ఏడాది తిరిగేసరికి కుండీల్లో బెరడు చివికి మెత్తబడింది. వెనిల్లా వేళ్ళకు ఊపిరాడాలి. బెరడు చివికితే నీళ్ళు పట్టేసి వేళ్ళు కుళ్ళుతాయి. అందుకని కుండీ మార్చాలి. మామూలుగా అందరూ పాత బెరడు పారేసి కొత్తది వేస్తారు. తాళాలక్క పారేస్తుందా? మొక్కను నెమ్మదిగా పైకి తీసి, గోధుమరంగు తిరిగి మెత్తబడిన వేళ్ళు కత్తిరించి, గట్టిగా తెల్లగా ఉన్నవి ఉంచింది. కోసిన తీగలోంచి కారిన రసం తగిలి ముంజేతుల నిండా దద్దుర్లు లేచాయి. అవి లెక్కలోకి రావు ఆవిడకు. ఆ తరవాత పాత బెరడంతా జల్లెడ పట్టింది. పొడి కిందికి, ముక్కలు పైకి. ముక్కల్ని కడిగి, చెల్లెలి గదిలోనే కిటికీ కింద కాగితాలు పరిచి ఆరబోసింది. ఎండ ఉన్నది అక్కడే కదా. స్క్రూలు ఆరబోసినట్టే ఆరబోసింది. వాటి మీద అక్కడక్కడా తెల్లగా నూగు పట్టింది. చేత్తో దులిపేసింది.

జల్లించింది కూడా ఆ గదిలోనే, జల్లెడకు ఒక పక్క అక్క, రెండో పక్క చెల్లెలు. కిటికీ మూసే ఉంది. పొడి పిండిలా లేచి, ఎండ కిరణంలో చాలాసేపు దిగకుండా ఆడింది. చెల్లెలు తుమ్మింది. సాయంత్రానికి ఆమెకు ఒళ్ళు వెచ్చబడింది. పని అలవాటు లేక అలసట అంది అక్క. మర్నాటికి తగ్గిపోయింది. ఎవరూ ఏమీ అనుకోలేదు.

దగ్గు అప్పుడే వచ్చింది. పొడిదగ్గు. కఫం పడదు, జలుబు లేదు. మొదట్లో పొద్దున లేవగానే కాసేపు దగ్గేది. తరవాత మెట్లెక్కినప్పుడు, ఆ తరవాత జడ వేసుకుంటుంటే చేతులు పైకెత్తినప్పుడు కూడా ఆయాసం వచ్చేది. చిక్కిపోయింది. జాకెట్లు లూజయితే దర్జీ కుట్టు వేసి ఇచ్చాడు, మళ్ళీ లూజయితే మళ్ళీ వేశాడు. రెండోసారి ఆయన వేళాకోళం చేయలేదు. డాక్టరుకు చూపించమ్మా, అన్నాడంతే.

తాళాలక్క ఊరుకునే మనిషా! కాలు కాలిన పిల్లిలా తిరిగింది. వీధి చివర డాక్టరు ఇచ్చిన మందులు పనిచేయలేదు. ఆవిడ తనకు తానే ఒక నిర్ణయానికి వచ్చేసింది. ఇదంతా ఫ్యాక్టరీలో పిండి దుమ్ము. అంతే, బడ్డీ మూసి నేరుగా ఫ్యాక్టరీకి వెళ్ళి, మేనేజరు గదిలో నిలబడి కడిగేసింది. మా పిల్ల ఊపిరితిత్తులతో మీరు బిస్కట్లు చేసుకుంటున్నారా అంది. చెల్లెలి చేత ఆ రోజే పని మానిపించింది. వీధంతా మెచ్చుకుంది. అక్క అంటే అలా ఉండాలన్నారు. ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోవే, నీ గదిలో నువ్వు హాయిగా పడుకో, నేను చూసుకుంటాను, అంది అక్క.

అంటే, ఆ పిల్ల రోజులో సగం బయటి గాలి పీల్చుకునేది. అది కూడా పోయింది. చేతులారా తీసేసింది.

ఇక పొద్దస్తమానం ఆ గదిలోనే. మంచం మీద పడుకుంటే ఆకులు చెంప దగ్గరికి వచ్చేవి. గోడ మీది గాలి వేళ్ళు దిండు మీదికి దిగుతుంటే అక్క జాగ్రత్తగా తీసి పలకకు కట్టేది. ఒకసారి చెల్లెలు, కిటికీ కాస్త తీయనా అక్కా, ఉక్కగా ఉంది, అని అడిగింది. అక్క ఒప్పుకోలేదు. దగ్గుతున్న మనిషికి చలిగాలి తగిలితే ఇంకేమన్నా ఉందా అంది. అది కూడా ప్రేమతోనే అంది, అదే బాధ. చెల్లెలు మళ్ళీ అడగలేదు.

ఆ మధ్యలో పిన్ని కాలు విరిగింది. సాయానికి చెల్లెలు కొన్ని వారాలు వాళ్ళింటికి వెళ్ళింది. తిరిగి వచ్చినప్పుడు మనిషి తేరుకుంది. మొహంలో కళ వచ్చింది, బుగ్గలు నిండాయి, దగ్గు లేదు. మేడ మెట్లు ఆగకుండా ఎక్కి వచ్చింది. తాళాలక్క ఆనందానికి పట్టపగ్గాల్లేవు. చూశారా, ఫ్యాక్టరీ మానేసిన ఫలితం ఇప్పుడు కనిపిస్తోంది, అని బస్టాపులో నిలబడ్డవాళ్ళందరికీ చెప్పింది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తే సరిపోయేది. తాళం ఎందుకు పడటం లేదో విడిభాగాలన్నీ విప్పి చూసే మనిషి, ఈ ఒక్కదాన్ని విప్పి చూడలేదు. ఎందుకు చూడలేదంటే, జవాబు అప్పటికే తన చేతిలో ఉందనుకుంది.

చెల్లెలు వచ్చిన కొద్దిరోజులకే మళ్ళీ కుండీలు మార్చే వేళయింది. మళ్ళీ జల్లెడ. చెల్లెలు జల్లెడ అంచు పట్టుకుని అక్క మొహంలోకి ఒకసారి చూసింది. ఏమిటే అంది అక్క. ఏం లేదంది చెల్లెలు. ఇద్దరూ జల్లించారు. ఆ సాయంత్రమే జ్వరం వచ్చింది. ఈసారి మర్నాటికి తగ్గలేదు. పిన్ని పిల్ల చేత గొడ్డుచాకిరీ చేయించి పంపిందని అక్క ఫోన్ చేసి దులిపేసింది.

తీగ మొగ్గ తొడిగింది ఆ రోజుల్లోనే. ఆకు మొదట్లో వేలెడు గెల, దాని నిండా ఆకుపచ్చ మొగ్గలు. వెనిల్లా పువ్వు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి వాడిపోతుందట. ఈలోపే చిన్న పుల్లతో లోపలి పొర ఎత్తి, పుప్పొడి అద్దాలి. అలా అద్దితేనే కాయ. అద్దకపోతే పువ్వు రాలిపోతుంది. అక్క పళ్ళు కుట్టుకునే పుల్లలు సన్నగా అరగదీసి సిద్ధం చేసింది. ఏళ్ళ తరబడి కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసిన పువ్వాయె. మొదటి పువ్వు నీ చేత్తోనే చేయిస్తానే, అంది చెల్లెలితో. చెల్లెలు నవ్వింది. నవ్వు మధ్యలో ఊపిరి అందలేదు. పెదవులు నీలంగా మారడం అక్క అప్పుడు చూసింది.

పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తుల డాక్టరమ్మ ఫిల్ములు లైటు ముందు పెట్టి చాలాసేపు చూసింది. ఇంట్లో పావురాలు ఉన్నాయా అని అడిగింది. లేవంది అక్క. చిలకలు, కోళ్ళు? లేవు. గోడలకు బూజు? ఆ మాటకు తాళాలక్కకు ఒళ్ళు మండింది. మా ఇల్లు వచ్చి చూడండి, అద్దంలా ఉంటుంది అంది. డాక్టరమ్మ రాసుకుంటూ, ఉన్నట్టుండి అక్క ముంజేతుల వైపు చూసింది.

"చేతుల మీద ఆ దద్దుర్లేమిటి?"

"అవా? మొక్క రసం తగిలిందండీ. కుండీ మార్చినప్పుడల్లా వస్తాయి."

"మట్టిలో పెంచుతారా?"

"కాదండీ, బెరడు ముక్కల్లో. పాతవే కడిగి, ఆరబోసి వాడతాను."

"ఎక్కడ ఆరబోస్తారు?"

చెల్లెలి గదిలో, అంది తాళాలక్క, ముంజేతుల మీదికి కొంగు లాక్కుంటూ. డాక్టరమ్మ కలం కింద పెట్టింది. తడి బెరడు మీద పట్టే బూజు పొడి కంటికి కనిపించదని, కొందరి ఊపిరితిత్తులకు అది సరిపడదని, పీల్చినప్పుడల్లా లోపల వాచి, మానిన చోట మచ్చ కడుతుందని, మచ్చ కట్టిన చోటికి ఇక గాలి వెళ్ళదని విడమరిచి చెప్పింది. మరి నాకేం కాలేదే, అంది అక్క, ఆ మాటే ఏదో ఆధారమైనట్టు. అందరికీ రాదమ్మా, అయినా మీరు పగలంతా వీధిలో ఉంటారు కదా, మీ చెల్లెలు ఎక్కడ ఉంటుంది, అని అడిగింది డాక్టరమ్మ.

మచ్చలు మళ్ళీ పోతాయా అని మాత్రం అడిగింది తాళాలక్క. పడినవి పోవు, కొత్తవి పడకుండా చూసుకోవాలి, మొదట్లోనే వచ్చి ఉంటే బాగుండేది, అంది డాక్టరమ్మ.

చెల్లెలిని ఆసుపత్రిలో చేర్చి, మర్నాడు పొద్దున ఇంటికి వెళ్ళి ఆమె గది తలుపు తీసేసరికి మొదటి పువ్వు విచ్చుకుని ఉంది. లేత పసుపు, కాస్త ఆకుపచ్చ. ఇంతకాలం కలగన్నంత గొప్పగా ఏమీ లేదు. అక్క ముక్కుకూ నోటికీ తువాలు కట్టుకుని, మొదట ఆ గెలే కోసింది. తరవాత తీగ మొత్తం. గాలి వేళ్ళు పలకల్ని ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే గోడ పెచ్చులతో సహా ఊడి వచ్చాయి. కుండీలు, బెరడు, పలకలు, తువాళ్ళు అన్నీ సంచుల్లో కుక్కి, మూతులు కట్టి కిందికి చేరవేసింది. దర్జీ చెయ్యి వేయబోతే ముట్టుకోవద్దని అరిచింది. పరుపు కూడా పారేసింది. ఆవిడ జీవితంలో ఏదన్నా పారేయడం అదే మొదలు. గోడలు కడిగింది, మళ్ళీ కడిగింది. ఏడవలేదు. ఏడ్చే హక్కు తనకు లేదనుకుంది.

చెల్లెలు ఇంటికి వచ్చిన రోజు మేడ మెట్ల మీద మూడుచోట్ల కూర్చుంది. మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ ఒకటి గురగురమంటోంది. ముక్కుకు గొట్టం. గదిలో గోడల మీద పెచ్చులూడిన మచ్చలు తప్ప ఇంకేమీ లేవు. ఆమె ఖాళీ గోడల వైపు చూసింది. ఆశ్చర్యపోలేదు. అది కనిపెట్టింది అక్క.

"నీకు ముందే తెలుసు కదూ?" అంది.

చెల్లెలు కాసేపు దాచబోయి మానుకుంది. పిన్ని వాళ్ళింట్లో ఉన్నప్పుడే అనుమానం వచ్చిందని, తిరిగి వచ్చి జల్లెడ పట్టిన సాయంత్రం జ్వరం రాగానే రూఢి అయిందని, ఆగి ఆగి చెప్పింది.

"మరి చెప్పొద్దటే?"

"చెబితే ఏం చేసేదానివి?"

"ఏం చేయడమేమిటి? ఆ క్షణమే పీకి పారేసేదాన్ని."

"అదేనక్కా." చెల్లెలు ఊపిరి కూడగట్టుకుంది. "పీకి పారేసి, చేతులు కడుక్కుని, నాకు అన్నం పెట్టేదానివి. జన్మలో మళ్ళీ దాని మాట ఎత్తేదానివి కాదు. నన్ను ఒక్క మాటా అనేదానివి కాదు. అలా నాకోసం నువ్వు వదిలేసినవన్నీ నాకు గుర్తున్నాయి. ఇంకొకటి మోయలేననిపించింది. కొన్నాళ్ళు దగ్గితే పోయేదేముందిలే అనుకున్నాను."

తాళాలక్క మంచం అంచున కూర్చుండిపోయింది. ఇన్నేళ్ళూ తాను ఇస్తున్నాననే అనుకుంది. ఇచ్చి, దాని మాట ఎత్తకపోవడం గొప్పనుకుంది. పుచ్చుకున్న పిల్ల ఆ బరువును పెదవి విప్పకుండా మోస్తోందని ఊహకైనా రాలేదు. చెల్లెలి వీపు మీద చెయ్యి వేసింది. అరచేతి కింద ఊపిరి పైపైనే ఆడుతోంది, లోపలికి దిగడం లేదు. అప్పుడొచ్చింది ఏడుపు. నాకేం తెలుసే తల్లీ, నీకు నేను బరువయ్యానని, అంది.

చెల్లెలు గబుక్కున తల తిప్పింది. అలా కాదన్నట్టు చెయ్యి ఊపి, ఏదో చెప్పబోయింది. దగ్గు అడ్డుపడింది. తగ్గాక మళ్ళీ చెప్పబోయింది, మళ్ళీ దగ్గే వచ్చింది. ఆయాసంతో దిండు మీదికి ఒరిగి కళ్ళు మూసుకుంది.

ఆ మాట ఏమిటో తాళాలక్కకు ఇప్పటికీ తెలియదు. అడగాలని రోజూ అనుకుంటుంది. చెప్పడానికి ఆ పిల్లకు ఎంత ఊపిరి ఖర్చవుతుందో తెలుసు కనుక, అడగదు.